మరచిన కాలికి మరల నడక

తలకు తగిలిన గాయము మానును. కాని కాలు కదలదు, చేయి లేవదు, నోట మాట పెగలదు. అట్టివానిని మంచముపై పరుండబెట్టి, ఇంటిల్లిపాదియు చుట్టు కూర్చుండి, ‘ప్రాణము దక్కినది, అంతియే చాలు’ నని నిట్టూర్చుట మన పల్లెలలో తరచుగా చూచుచున్నాము. ప్రాణము దక్కుటతోనే వైద్యము ముగిసినదా? పోయిన నడకను, పోయిన చేతిపనిని మరల రాబట్టు ఉపాయము కలదా? కలదని నిశ్చయముగా చెప్పుటకు మానవజాతికి మూడున్నర వేలయేండ్లు పట్టినది. ఆ కథయే నేటి నా ప్రసంగవిషయము.

నేను వైద్యుడను గాను. ముప్పదియైదేండ్లు బడిపంతులుగా పనిచేసి విశ్రాంతి గైకొన్నవాడను. గురుముఖమున కావ్యములతోపాటు కొంతవరకు ఆయుర్వేదసంహితలను చదువుకొన్నవాడను. అయినను ఈ విషయమున మాటాడుటకు నాకు కొంత అధికారము గలదనుకొందును. ఏలయన, మెదడు దెబ్బతిన్న మనుష్యునికి చేయు ఈ చికిత్స ఔషధసేవకన్న అక్షరాభ్యాసమునకే దగ్గరి చుట్టము. పిల్లవాని చేయి పట్టి ఓనమాలు దిద్దించినవా డెవ్వడైనను దీని స్వరూపమును సులభముగా గ్రహింపగలడు. జనులు నేడు దీనిని ఫిజియోథెరపీ యందురు. అవయవములను కదలించుచు, రోగి తనంతట తానే కదలించుకొనునట్లు నేర్పుచు, పోయిన శక్తిని రాబట్టుట యని దాని తాత్పర్యము.

మొదట ఒక మాట తెలిసికొనవలయును. మెదడునకు దెబ్బ రెండు దారుల వచ్చును. చెట్టుపైనుండి పడుట, బండి తిరుగబడుట, తుపాకి గుండు తగులుట మొదలగునవి వెలుపలి దెబ్బలు. లోపలి రక్తనాళము పూడుకొనిపోవుటయో పగులుటయో జరిగి పక్షవాతము వచ్చుట లోపలి దెబ్బ. కారణములు వేరైనను, మెదడులో కొంతభాగము చెడి, దాని యేలుబడిలోని అవయవము పని మానుట రెంటికిని సమానము. కనుక ఈ రెంటి చికిత్సాచరిత్రయు ఒకే దారిని నడచినది.

తలదెబ్బలనుగూర్చి మనకు దొరకిన ప్రాచీనలేఖనములలో ముఖ్యమైనది ఈజిప్టు దేశమునందలిది. అది పపైరసు పట్టపై వ్రాసిన వైద్యగ్రంథము. దొరకిన ప్రతి రమారమి క్రీ. పూ. 1600 నాటిది, దాని మూలము అంతకన్నను పాతది. 1862 లో లక్సర్ పట్టణమున ఎడ్విన్ స్మిత్ అను అమెరికను దానిని కొనెను. 1930 లో బ్రెస్టెడ్ అను పండితుడు దానిని అనువదించి ప్రకటించెను. అందు 48 గాయముల వర్ణన గలదు. తలపగిలినవాడు పాదము నీడ్చుచు నడచుటను ఆ వైద్యుడు కన్నులార చూచి వ్రాసెను. ప్రతి గాయమునకును చివర ఒక తీర్పు నిచ్చెను: ఇది నేను నయము చేయు రోగము, ఇది నేను పెనుగులాడు రోగము, ఇది చికిత్స చేయదగని రోగము అని మూడు తెగలు. గట్టి తలదెబ్బలు పెక్కులు మూడవ తెగలోనివే. ఆ తీర్పు చాలకాలము లోకమున నిలిచెను.

యవనవైద్యులు మరియొక విశేషమును కనుగొనిరి. తలకు ఒకవైపున గాయమైనచో, శరీరమున రెండవవైపున మూర్ఛవిక్షేపములు వచ్చునని హిప్పోక్రటీసు పేరిట నున్న గ్రంథములు చెప్పుచున్నవి. కప్పడోకియా వాసియగు అరెటేయస్ అను వైద్యుడు దీనికి కారణము చెప్పెను. మెదడునుండి దిగు నరములు దారిలో ఒండొంటిని దాటి, గుణకారపు గుర్తువలె అటుది ఇటును ఇటుది అటును పోవుననెను. అది నేటికిని నిలిచిన సత్యము.

మన సంహితలు ఏమి చెప్పినవి? శిరస్సు, హృదయము, వస్తి అను మూడును ప్రధానమర్మములని చరకుడు చెప్పెను. పక్షాఘాతమును వాతవ్యాధులలో చేర్చి, స్నేహస్వేదములను విరేచనమును విధించెను. సుశ్రుతుడు మరియొక సూక్ష్మమును గమనించెను. అవయవము కృశింపక, నొప్పి తెలియుచు, రోగి ఆత్మవంతుడును ఉపకరణవంతుడును అయినచో చికిత్సకు పూనుకొనవచ్చు ననియు, మూడు నాలుగు నెలలు విడువక దానిని సాగింపవలయు ననియు చెప్పెను. ఆత్మవంతుడనగా మనస్సును స్వాధీనమున నుంచుకొన్నవాడు. ఉపకరణవంతుడనగా సాధనసంపత్తి గలవాడు. ఈ రెండు మాటలను శ్రోతలు మనస్సున నుంచుకొందురుగాక. రోగి పూనికయు, ఇంటివారి తోడ్పాటును లేక ఈ వ్యాధి లొంగదను సంగతి మనవారికి తెలియును. అయినను ఆ చికిత్సలో ప్రధానస్థానము తైలమునకే దక్కెను; అభ్యాసమునకు దక్కలేదు.

ఇక గత శతాబ్దముల కథకు వత్తము. 1861 లో పారిసు నగరమున బ్రోకా అను వైద్యుడు, ‘టాన్’ అను ఒక్క శబ్దము దప్ప మరేమియు పలుకలేని రోగిని చూచెను. ఆతడు మరణించినపిమ్మట మెదడును పరీక్షింపగా ఎడమవైపు ముందుభాగమున ఒకచోట చెడియుండెను. పలుకు నడపు తావు అదియని బ్రోకా నిర్ణయించెను. 1870 లో బెర్లిను నగరమున ఫ్రిట్ష్, హిట్జిగ్ అను నిరువురు కుక్క మెదడును విద్యుత్తుతో తాకి, ఒకచోట తాకిన ముందుకాలును, వేరొకచోట తాకిన వెనుకకాలును కదలుటను చూపిరి. అనగా మెదడు ఒక గ్రామమువంటిది. అందు ప్రతి పనివానికిని ఒక వీథి గలదని తేలినది.

ఇది గొప్ప జ్ఞానమే. కాని దీనినుండియే గొప్ప నిరాశయు పుట్టినది. వీథి కాలిపోయిన, ఆ వీథిలోని పనివాడును పోయినట్లే గదా! చెడిన మెదడు చర్మమువలె తిరిగి మొలవదు. నాడీకణముల స్వరూపమును లోకమునకు తెలిపిన స్పెయిను దేశపు మహాశాస్త్రజ్ఞుడు రామోన్ ఈ కహాల్, 1913–14 లో వెలువడిన తన గ్రంథమున, పెరిగిన మనుష్యుని నాడీమార్గములు స్థిరములు, మార్పులేనివి యని వ్రాసెను. ఈ కఠినశాసనమును మార్చుట రాబోవు శాస్త్రమువంతు అనియు అచ్చటనే చేర్చెను. లోకము మొదటి మాటను కంఠస్థము చేసెను. రెండవ మాటను మరచెను. పెక్కు వైద్యశాలలలో ఇట్టి రోగికి విధించినది విశ్రాంతి. విశ్రాంతిచే కండలు కరగెను, కీళ్లు బిగిసెను, వీపున పుండ్లు పడెను.

అయినను అక్కడక్కడ కొందరు వేరుగా ఆలోచించిరి. స్విట్జర్లాండులో హైడెన్ అను చిన్నయూర ఫ్రెంకెల్ అను వైద్యుడుండెను. వెన్నుపాము చెడి కాళ్లుచేతులు అదుపు తప్పిన ఒక రోగిని, కన్నులు మూసికొని వ్రేలితో ముక్కుకొన తాకుమని ఆతడు పరీక్షించెను. రోగి తాకలేకపోయెను. ఆ ఓటమికి సిగ్గుపడి రోగి యింటికి పోయి, వైద్యుడు చెప్పకయే దినదినమును అదే పనిని సాధకము చేసెను. కొన్ని నెలలకు తిరిగి వచ్చినపుడు ఆతని వ్రేలు చక్కగా ముక్కును తాకెను. ఫ్రెంకెల్ విస్మితుడయ్యెను. రోగము తగ్గలేదు, నేర్పు పెరిగినది! నేలపై గీతలు గీచి, ఆ గీతలపై అడుగులు వేయించు అభ్యాసపద్ధతిని ఆతడు కల్పించి 1890 లో ప్రకటించెను. ఫ్రెంకెల్ అభ్యాసము లను పేర అవి నేటికిని వాడుకలో నున్నవి. అభ్యాసము కూసు విద్య యని మనవా రూరక యనలేదు.

వెన్నుపాము సంగతి యటులుండగా, మెదడే చెడినచో అభ్యాసము ఫలించునా? 1917 లో అమెరికా దేశమున ఆగ్డెన్, ఫ్రాంజ్ అనువారు కోతులపై దీనిని పరీక్షించిరి. మెదడున కదలిక నడపు తావును చెరుపగా కోతికి ఎదుటివైపు చేయి పడిపోయెను. ఊరక విడిచిన కోతి మంచిచేతితోనే పనులు గడుపుకొనుచు, పడిన చేతిని మరచెను. మర్దనము మాత్రము చేసిన ఫలము స్వల్పము. కాని మంచిచేతిని కట్టివేసి, పడినచేతిచేతనే పని చేయించినప్పుడు కొన్ని వారములలోనే ఆ చేతికి పనితనము తిరిగి వచ్చెను. ఈ పరీక్ష చేసిన పాఠము ఎంత విలువైనదో చూడుడు. చేయి పనిచేయకుండుటకు దెబ్బ యొక్కటియే కారణము గాదు. పని చెప్పకుండుటయు కారణమే. కాని ఆ పాఠము పత్రికలలో అణగియుండెను. మరల దానిని వెలికి తీయుటకు అరువదేండ్లకు మించి పట్టినది.

ఇంతలో యుద్ధము వచ్చెను. 1914 నుండి 1918 వరకు జరిగిన మహాసంగ్రామమున పడుచువాండ్రు వేలకొలది తలలలో గుండ్లు తగిలి బ్రదికి బయటపడిరి. వారిని మూలకు త్రోయుటకు ఏ దేశమునకు వీలు? జర్మనీలో కొలోను నగరమున పొపెల్‌రాయిటర్, ఫ్రాంక్‌ఫర్టు నగరమున గోల్డ్‌స్టైన్ అను వైద్యులు మెదడు దెబ్బతిన్న సైనికులకై ప్రత్యేకశాలలు నడపిరి. అచ్చట వైద్యమును, చదువును, వృత్తిపనియు కలసి సాగెను. గోల్డ్‌స్టైన్ కనుగొన్న సంగతి యొకటి ప్రతి యింటివారును ఎరుగదగినది. తనకు మించిన పనిని ఒక్కసారిగా చెప్పినచో ఆ రోగి కంపించును, కోపించును, ఏడ్చును, చేతిది విసరివేయును. అది పొగరు గాదు, మొండితనము గాదు. గాయపడిన మెదడు దిక్కుతోచక చేయు ఆర్తనాదము. కనుక పని చిన్నదై, సాధ్యమై, మెట్టుమెట్టుగా పెరుగవలయును. ఒకటవ తరగతి పిల్లవానికి ప్రబంధము నిచ్చు పంతులు గలడా?

రెండవ మహాయుద్ధమున ఈ విద్య మరింత పెంపొందెను. ఇంగ్లండులో దీనికి ముఖ్యుడు హ్యూ కేర్న్స్ అను శస్త్రవైద్యుడు. 1935 లో లారెన్స్ అను ప్రసిద్ధసైనికుడు మోటారుసైకిలుపైనుండి పడి తలదెబ్బచే ఆరుదినములకు మరణించెను. ఆతనిని చూచిన వైద్యులలో కేర్న్స్ ఒకడు. నివారింపదగిన ఈ చావును ఆతడు మరువలేదు. మోటారుసైకిలువారి తలదెబ్బలను పరిశోధించి, శిరస్త్రాణము ప్రాణరక్షకమని 1941 లో ప్రకటించెను. ఆ సంవత్సరమే బ్రిటిషుసైన్యము తన మోటారుసైకిలు వార్తాహరులకు శిరస్త్రాణమును విధించెను. ఆక్స్‌ఫర్డులో స్త్రీలు చదువుకొను సెయింట్ హ్యూస్ కళాశాలయే 1940 నుండి 1945 వరకు తలగాయముల సైనికవైద్యశాల యయ్యెను. అందు రమారమి 13,000 మంది చికిత్స పొందిరి.

అదేకాలమున రష్యాలో యూరలు పర్వతప్రాంతమున కిసెగాచ్ అనుచోట లూరియా అను మనస్తత్త్వవేత్త మెదడుగాయములవారి వైద్యశాలను నడపెను. ఆతని సిద్ధాంతము సులభగ్రాహ్యము. వంతెన కూలినప్పుడు నదిని దాటుట మానుదుమా? వేరొక రేవు వెదకుదుము. ఒక పనికి మెదడులో ఒక్కటే దారి లేదు. మునుపటి దారి చెడినచో క్రొత్తదారిని అభ్యాసముచే తీయవలయును. ఇట్టిదొకటి యుద్ధమునకు మునుపే ఆతడును ఆతని గురుతుల్యుడగు విగోట్స్కీయును చూచియుండిరి. కంపవాతముచే చదునైన నేలపై అడుగు వేయలేనివాడు మెట్లు ఎక్కగలుగుటను గమనించి, నేలపై కాగితపుముక్కలు పరచి వానిని దాటుచు పొమ్మనిరి. ఆతడు నడచెను! తనంతట పుట్టని నడకకు కంటిగురుతు చేయూత యయ్యెను.

లూరియా వైద్యశాలకు వచ్చినవారిలో జసేత్స్కీ అను యువకుని కథ వినదగినది. ఆతడు యంత్రశాస్త్రవిద్యార్థి. 1943 మార్చి 2 వ తేదీన వ్యాజ్మా సమీపమున ఎడమవైపు తలలో గుండు తగిలెను. చూపున కుడిసగము పోయెను. అక్షరములు మరచెను, తన చేయి యెటనున్నదో, కుడి యేదో యెడమ యేదో తెలియకుండెను. చదువు మరల మొదటినుండి నేర్చుట యారంభించెను. ఒక్కొక్క అక్షరమును తలచుకొని వ్రాయబోయిన చేతికి రాకుండెను. ఒకనాడు వైద్యుడు, ‘అక్షరమును తలపకుము, చేయి యెత్తక మాటను ఒక్క త్రుటిలో వ్రాసివేయు’ మనెను. జసేత్స్కీ అట్లే వ్రాసెను. వ్రాసిన మాట ‘రక్తము’. తన వ్రాతను తానే చదువుకొనలేకపోయెను, కాని వ్రాయగలిగెను! కన్ను మరచినను చేతికండ మరువలేదు. అది మొదలు ఇరువదియైదేండ్లు, దినమునకు కొన్ని పంక్తుల చొప్పున, తన గాయముతోడి పోరాటమును తానే వ్రాసికొని 3,000 పుటలు నింపెను. లూరియా వానిని తన వ్యాఖ్యతో కూర్చి 1971 లో పుస్తకముగా వెలువరించెను. ఎన్నియో వేలసారులు దిద్దిన అక్షరము చేతిలో పాతుకొనిపోవునని బడిపంతులకు తెలియును. దెబ్బతిన్న మెదడులోను ఆ వేరు బ్రదికియుండునని తెలిపినవాడు జసేత్స్కీ.

యుద్ధానంతరము అభ్యాసవైద్యము అనేకశాఖలుగా పెరిగెను. బెర్లినునుండి లండనునకు వలసపోయిన బెర్టా బొబాత్ అను వ్యాయామశిక్షకురాలు, వైద్యుడగు ఆమె భర్తయు, పడిపోయిన పక్కను వదలివేసి మంచిపక్కతోనే గడుపుకొమ్మను అలవాటును ఖండించి, బిగిసిన అవయవమును తగిన భంగిమచే సడలించి పని నేర్పు పద్ధతిని తెచ్చిరి. అమెరికాలో మరికొందరు మరికొన్ని పద్ధతులు కల్పించిరి. ఏ పద్ధతి మేలన్న వాదములు చాలకాలము జరిగినవి. అవి మనకు ప్రధానములు గావు. అన్నిటికిని మూలమొకటే: పడినపక్కకు పని.

ఇక నాకు మిక్కిలి ప్రియమైన కథ. అందలి నాయకుడును ఒక ఉపాధ్యాయుడే. పెడ్రో బాక్-ఇ-రీటా యనునాతడు న్యూయార్కు నగరమున సిటీకళాశాలలో బోధించు పండితుడు, కవి. 1959 లో, అరువదియైదవ యేట, పక్షవాతము వచ్చి ఒకవైపు పడెను, మాట పోయెను. వైద్యశాలలో కొన్ని వారములు చూచి ఇంతకుమించి లాభము లేదనిరి. మెక్సికోలో వైద్యవిద్య చదువుచున్న కుమారుడు జార్జి తండ్రిని తనయింటికి కొనిపోయెను. ఈ చికిత్సను ఆతడెన్నడు నేర్చుకొనలేదు. అందువలననే కాబోలు, అసాధ్యమను మాటయు నేర్చుకొనలేదు. పసిబిడ్డ నడక నెట్లు నేర్చునో అట్లే నేర్పవలయునని, తండ్రిని మొదట నేలపై ప్రాకించెను. గోడకు భుజము నానించి నెలలకొలది ప్రాకించెను. పండితునిచేత కుక్కవలె ప్రాకించుచున్నాడని ఇరుగుపొరుగువారు నిందించిరి. కుమారుడు లెక్కింపలేదు. నేలపై గోళీలు దొర్లించి పడినచేతితో పట్టుకొమ్మనెను. వంటపాత్రల నిచ్చి, పావుగంట కుడివైపుగా, పావుగంట ఎడమవైపుగా తోమించెను. ప్రాకినవాడు మోకాళ్లపై నిలిచెను, పిదప లేచెను, నడచెను, మాటాడెను. కొంతకాలమునకు తన కళాశాలకు తిరిగిపోయి పాఠము చెప్పెను!

1965 లో దక్షిణ అమెరికాలో కొండ నెక్కుచుండగా గుండెయాగి ఆతడు మరణించెను. అప్పుడు ఆతని మెదడును పరీక్షించిన వైద్యురాలు నిర్ఘాంతపోయెను. పక్షవాతపు గాయము మానియుండలేదు. మెదడు పైపొరనుండి వెన్నుపామునకు దిగు నరములలో నూటికి 97 పాళ్లు చెడియే యుండెను. మిగిలిన కొలదిపాటి నరములతోనే ఆ వృద్ధుడు నడచెను, బోధించెను, కొండ నెక్కెను! పెద్దకుమారుడు పాల్ అప్పటికే వైద్యుడు. ఈ దృశ్యము ఆతని జీవితమును మార్చెను. గాయము మానకున్నను పని తిరిగి రాగలదను సత్యమును స్థాపించుటకు ఆతడు తన యాయుష్షును వినియోగించెను.

ఇట్టి యొక్క కథచే శాస్త్రము నిలువదు, పరీక్ష కావలయును. అదియు జరిగినది. 1996 లో నూడో అనునాతడును అతని సహచరులును కోతుల మెదడున చేతిని నడపు తావులో చిన్నగాయము చేసి, కొన్నిటికి ఆ చేతితో చిన్న గుంటలలోని మేతను తీయు సాధకము నిచ్చిరి. సాధకము లేని కోతులలో, గాయము చుట్టునున్న మంచిభాగమునందును చేతి యధికారము క్షీణించెను. సాధకము చేసినవానిలో ఆ భాగము నిలిచెను. కొన్నిట ప్రక్కనున్న భుజపు తావులోనికిని వ్యాపించెను. రైతులకు దీనిని వేరుగా చెప్పనక్కరలేదు. బీడు పెట్టిన చెక్కకు గట్టు నిలువదు, దున్నినవానిదే పొలము. మెదడులోను అంతే.

టౌబ్ అను మరియొక శాస్త్రజ్ఞుడు, 1917 నాటి కోతిపాఠమును పోలినదానినే తన పరీక్షలచే కనుగొని, మనుష్యులకు పనికివచ్చు చికిత్సగా మలచెను. మంచిచేతికి మందపు తొడుగు తొడిగి, మేలుకొన్నంతసేపును పడినచేతితోనే పని చేయించుట ఆ పద్ధతి. పక్షవాతము వచ్చి మూడు మొదలు తొమ్మిది నెలలైన 222 మందిపై చేసిన పరీక్ష ఫలితములు 2006 లో వెలువడెను. రెండు వారముల సాధకముచే కలిగిన మేలు ఏడాది గడచినను నిలిచియుండెను. అయితే, మణికట్టున వ్రేళ్లలో కొంచెమైన కదలిక మిగిలినవారికే ఆ పద్ధతి. బొత్తిగా చలనము లేని చేతికి అది తగదు.

అభ్యాసము మంచిదన్న మాత్రమున అతి పనికిరాదు. 2,104 మంది పక్షవాతరోగులపై జరిగిన ఒక మహాపరీక్ష 2015 లో ప్రకటితమయ్యెను. మొదటి 24 గంటలలోనే రోగిని మంచము దింపి పలుమారులు నడిపింపజూచుట మేలుకన్న కీడే చేయునని అందు తేలెను. కనుక ఎప్పుడు లేపవలయును, ఎంత నడిపింపవలయును అనునది వైద్యుడు చెప్పవలసిన మాట. కాని వైద్యుడు లెమ్మన్న తరువాత ఇంటివారు పరుండబెట్టుట అంతకుమించిన కీడు.

మన దక్షిణదేశమున ఈ విద్యకు పునాదులు స్వాతంత్ర్యము వచ్చిన కాలముననే పడినవి. 1949 లో వెల్లూరు క్రైస్తవవైద్యకళాశాలలో జేకబ్ చాందీగారు మెదడు శస్త్రచికిత్సాశాఖను ప్రారంభించిరి. అచ్చటనే మేరీ వర్గీస్ అను యువవైద్యురాలు 1954 లో వాహనప్రమాదమున వెన్ను విరిగి రెండుకాళ్లు పోగొట్టుకొన్నట్లయ్యెను. ఆమె చక్రాలకుర్చీలో కూర్చుండియే శస్త్రములు చేసెను. పిదప విదేశమున ఈ పునరభ్యాసవైద్యము నేర్చి వచ్చి, 1966 లో వెల్లూరిలో ప్రారంభమైన పునరావాసశాలకు నాయకత్వము వహించెను. చిత్తూరు సీమనుండి వెల్లూరికి పోయి కాళ్లు తెచ్చుకొన్న తెలుగువా రెందరో. నేడు మన జిల్లాకేంద్రములలోను ఫిజియోథెరపీ నేర్చినవారున్నారు. కొరతపడినది వారు గాదు. వారు నేర్పిన పాఠమును ఇంట వల్లెవేయించు ఓర్పు.

మా యూర ఒక రైతుబిడ్డ మోటారుసైకిలుపైనుండి పడి, రెండువారములు తెలివిలేక, కుడిపక్క పడి యింటికి వచ్చెను. వాని అవ్వ ముద్దలు కలిపి నోటబెట్టును, నీళ్లు త్రాగించును, ఈగ వాలిన తానే తోలును. పట్టణమునుండి వచ్చిన ఫిజియోథెరపీ చిన్నది, నీళ్లచెంబును వాని కుడిపక్క పెట్టుమనెను. చెంబు పడెను, నీళ్లు ఒలికెను, వాడు కేకలు పెట్టెను. ‘బిడ్డను బాధించుటకా నీకు డబ్బిచ్చునది?’ అని అవ్వ కోపించెను. ఆ పిల్ల నవ్వి, ‘అవ్వా, వీనికి నడక మొదట నేర్పినదెవరు? అప్పుడెన్నిమారులు పడెను?’ అనెను. అవ్వ బదులు చెప్పలేదు. మరునాడు చెంబును తానే కుడిపక్కన పెట్టెను. ఏడాదిన్నరకు వాడు కర్రపట్టి చేనిదాక నడచుచున్నాడు, దూడను కట్టుచున్నాడు. లెక్కలు మాత్రము నేటికిని తప్పును, కోపము త్వరగా వచ్చును. అందరికిని అంతయు తిరిగిరాదు. గాయపులోతు, వయస్సు, సాధకము అనువానినిబట్టి ఫలము. మొదటినెలలలో మేలు వేగముగా కనబడును. పిదప మెల్లగా సాగును. మెల్లగా సాగినంతమాత్రమున ఆగినదనుకొనరాదు.

ఈ చరిత్రనుండి మన యిండ్లకు కావలసిన నాలుగు మాటలు చెప్పెదను. కదలలేనివానిని రెండేసి గంటలకు ఒకసారి పక్క మార్చుడు. లేనిచో వీపు పుండగును. పడినచేతిని పట్టి లాగి లేపకుడు, భుజము జారును. పరుండబెట్టి అన్నము పెట్టకుడు. కూర్చుండబెట్టి కొంచెము కొంచెముగా పెట్టుడు, లేనిచో మెతుకు ఊపిరిదారిని పోవును. నూనె మర్దనము చేసికొనవచ్చును, అది హాయి; కాని అదియే చికిత్స యని అచ్చటితో ఆగకుడు. వాడు చేయగల పనిని, ఎంత ఆలస్యమైనను, వానిచేతనే చేయింపుడు. బొత్తాము పెట్టుకొనుట, పళ్లెరము కడుగుట, వడ్లగింజ లేరుట కూడ చికిత్సలే.

వీనికన్న ముందుమాట యొకటి. పోయిన నడకను నేర్పుటకన్న, పోకుండ కాచుట సులభము. కేర్న్స్ 1941 లో చెప్పిన శిరస్త్రాణమును మన దేశపు 1988 మోటారువాహనశాసనమును విధించినది. పెద్దలగు మీరు మీ మనుమడు బండి యెక్కునప్పుడు, అది తలనున్నదో, బండికి వ్రేలాడుచున్నదో చూడుడు.

ఈజిప్టు వైద్యుడు చికిత్స చేయదగదన్న రోగమునకు నేడు చికిత్స కలదు. అందు అధికభాగము మందులంగడిలో దొరకునది గాదు. ఇంటి అరుగుమీద దినదినమును చేయవలసినది. గురువు తొందరపడక, శిష్యుడు విసుగక, చెప్పినదే చెప్పుచు, చేసినదే చేయుచు సాగు పురాతనమగు పాఠశాల అది. మంచముపై నున్నవానిని చూచి జాలిపడుట మంచిదే. ఆ జాలి వాని పనిని మనము చేయుటగా గాక, వాని పనిని వానికి తిరిగి అప్పగించుటగా పరిణమించుగాక యని కోరుచు ఇంతటితో విరమించుచున్నాను.